మన పచ్చళ్ల పేరు అమెరికా కంపెనీకి లైసెన్స్‌కి ఇవ్వవచ్చా?

హైదరాబాద్‌లో మీ పచ్చళ్లు, పొడుల వ్యాపారం. న్యూజెర్సీ కంపెనీ ఒకటి మీ పేరుతోనే అక్కడ తయారుచేసి అమ్ముతానంటోంది, 5 శాతం రాయల్టీ (పేరు వాడుకున్నందుకు అమ్మకాల్లో ఇచ్చే వాటా) ఇస్తుందట. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోవచ్చు. అక్కడ ఫ్యాక్టరీ పెట్టే స్తోమత లేనప్పుడు ఇది మంచి దారే. కానీ ఆ 5 శాతం దేని మీదో ముందు తేల్చుకోండి. బేరమంతా అక్కడే ఉంది.

సీసా షాపుకి 6 డాలర్లకి వెళ్తుందనుకోండి, మీకు 30 సెంట్లు రావాలి. వాళ్లు దాన్ని తమ సొంత డిస్ట్రిబ్యూషన్ కంపెనీకే 4 డాలర్లకి బిల్లు వేసి, నికర అమ్మకం (రాయల్టీ లెక్కించే మొత్తం) అదేనంటే 20 సెంట్లే. అందులో డిస్కౌంట్లు, ప్రకటనలు, వాపసు సరుకు అంటూ ఒక డాలర్ కోస్తే మిగిలేది 15. అందుకే 'సంబంధం లేని మొదటి కొనుగోలుదారుకి వేసిన బిల్లు ధర' అని నిర్వచనంలోనే రాయించండి, కోతలకి మొత్తం మీద ఒక పరిమితి పెట్టండి. ఏటా కనీస రాయల్టీ తప్పనిసరి. అది లేకుండా ఎక్స్‌క్లూజివ్ హక్కు, అంటే వాళ్లకి మాత్రమే హక్కు ఇస్తే, వాళ్లు అమ్మకపోయినా మీరు ఇంకొకరికి ఇవ్వలేరు.

సంతకానికి ముందే అమెరికాలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మీ పేరున పడాలి, వాళ్ల పేరున కాదు. ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో ట్రేడ్‌మార్క్ కోరే మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో మన దేశం 2013 నుంచి ఉంది కాబట్టి ఇక్కడి నుంచే వేయవచ్చు. అయితే మొదటి 5 ఏళ్లలో ఇక్కడి మార్కు రద్దయితే దాని మీద ఆధారపడ్డ అక్కడిదీ పోతుంది. ఇక్కడ అభ్యంతరాలు నడుస్తుంటే నేరుగా అమెరికాలోనే దాఖలు చేయడం మేలు.

ఆవపిండి, మెంతిపిండి, కారం పాళ్లు కాగితం మీద పెట్టి ఇవ్వకండి. పొడి ఇక్కడే కలిపి పంపండి, ముక్కలు, నూనె వాళ్లు కలుపుకుంటారు. రుచి చెడదు, గుట్టు దాటదు. బ్యాచ్ శాంపిల్ మీరు ఒప్పుకున్నాకే సరుకు కదలాలి. నాణ్యత మీద అదుపు లేకుండా పేరు వాడనిస్తే అమెరికా చట్టం కింద మార్కు మీద హక్కే పోవచ్చు.

పన్ను సంగతి: విదేశీ గ్రహీతగా ఫారం ఇవ్వకపోతే అక్కడ రాయల్టీలో 30 శాతం పన్నుగా పట్టుకుంటారు, రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం చాలు. మీది కంపెనీ అయితే ఆ ఫారం డబ్ల్యూ-8బెన్-ఈ, మొదటి చెల్లింపుకి ముందే వాళ్లకి పంపండి. ఇక్కడ జీఎస్టీ కట్టకుండా ఇన్వాయిస్ వేయాలంటే ఏటా ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకి ఇచ్చే హామీపత్రం) వేసుకోవాలి.

గొడవలకి ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) రాయించండి. మన కోర్టు తీర్పుని అక్కడ అమలు చేయించడం కష్టం, ఆర్బిట్రేషన్ అవార్డుకి (ఆ తీర్పుకి) ఇతర దేశాల్లోనూ అమలయ్యేలా చేసే 1958 న్యూయార్క్ ఒప్పందం అండ ఉంది. మీ లైసెన్స్ ఒప్పందం ముగిశాక మిగిలిన సీసాలు ఎన్నాళ్లలో అమ్ముకోవాలో, మీ పేరున్న వెబ్‌సైట్ ఎన్ని రోజుల్లో అప్పగించాలో కూడా ఇప్పుడే రాయించండి.