ఈయూ విడిపోతే మా అమ్మాయి చదువు ఏం కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి లా నాలుగో ఏడాది. ఈయూ (యూరోపియన్ యూనియన్, అంటే యూరప్ దేశాల కూటమి) చట్టంలో ఎల్‌ఎల్‌ఎం, అదే లాలో పీజీ, చేయడానికి యూరప్ వెళ్తానంటోంది. బ్రిటన్ ఎలాగూ బయటికొచ్చేసింది. మిగతా దేశాలూ సార్వభౌమత్వం అంటే ఆ డిగ్రీ ఎందుకు పనికొస్తుంది? ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయాలి, పెళ్లి సంబంధాలూ చూస్తున్నాం. మన రాజ్యాంగ చట్టంలో పీజీ మేలా?

జవాబు: మీ భయం ఈయూ గురించి కాదండీ, అమ్మాయి మీకు తెలియని దారి పట్టిందని. ఆ దారి ఎలాంటిదో చూడండి. మిలాన్‌లో కోస్టా అనే న్యాయవాది రెండు వేల లీరాలు కూడా లేని కరెంటు బిల్లు కట్టనన్నాడు. విద్యుత్ సంస్థల జాతీయకరణ యూరప్ ఒప్పందానికి విరుద్ధమని అతని వాదన. ఆ కేసులోనే 1964లో లక్సెంబర్గ్‌లో ఉన్న యూరప్ కూటమి న్యాయస్థానం సభ్యదేశాల చట్టాల కన్నా ఉమ్మడి చట్టానిదే పైచేయి అని తేల్చింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం మాత్రం ఆ మాటను నేటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. 2020లో యూరప్ కేంద్ర బ్యాంకు బాండ్లు కొన్న వ్యవహారంలో లక్సెంబర్గ్ తీర్పు తమను కట్టడి చేయదని తేల్చి చెప్పింది. ఈయూ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ జర్మనీపై చర్య మొదలుపెట్టి, 2021 చివర్లో ముగించింది. ఈ పెనుగులాట అరవై ఏళ్లుగా సాగుతూనే ఉంది, కూటమీ నిలిచే ఉంది. కాబట్టి డిగ్రీ చిత్తుకాగితమవుతుందన్న బెంగ వదిలేయండి.

నా అనుమానం వేరే. ఏడాది ఎల్‌ఎల్‌ఎంతో అక్కడ వకీలు కావచ్చని చాలామంది నమ్ముతున్నారు. జర్మనీలో వకాలతుకు మామూలు దారి జర్మన్ భాషలో రాసే రెండు రాష్ట్ర పరీక్షలు. లక్సెంబర్గ్‌లోని ఆ ఈయూ న్యాయస్థానంలో న్యాయమూర్తులు చర్చించుకునేది ఫ్రెంచిలో. కళాశాలల కరపత్రాల్లో ఈ ముక్క నాకెక్కడా కనపడలేదు. అలా వెళ్లి తిరిగొచ్చిన ఒక అబ్బాయి నా ఎదుట కూర్చుని ఫోనులో బ్యాంకు సందేశం చూపించాడు. నెల వాయిదా అతని జీతంలో సగం. అందుకే ముందు ఇక్కడ రెండేళ్లు కోర్టులో పని చేయమనండి, ఆ సాయంత్రాల్లో ఫ్రెంచి నేర్చుకోమనండి.

ఇక రాజ్యాంగ చట్టమా, ఈయూ చట్టమా అంటే, రెండూ మీరనుకున్నంత దూరం కావు. రాజ్యాంగంలో ఎవరూ తాకరాని మూలం ఒకటుందని మన సుప్రీంకోర్టు 1973లో కేశవానంద భారతి కేసులో చెప్పింది, జర్మనీ కోర్టు 2009లో ఈయూ దేశాల లిస్బన్ ఒప్పందంపై ఇచ్చిన తీర్పులో చెప్పింది. మొదటిది గట్టిగా చదివితే రెండోది అందుతుంది.

ఒక మాట కటువుగానే చెబుతాను. అప్పు గురించి రాశారు, సంబంధాల గురించి రాశారు. ఆ చదువు అమ్మాయికి ఎందుకు ఇష్టమో ఒక్క వాక్యం లేదు. అడగలేదు కదూ? ఈ రాత్రి భోజనాల దగ్గర ఆ కరెంటు బిల్లు కేసు చెప్పమనండి. తను చెప్పడం పూర్తయ్యేదాకా తాకట్టు మాట ఎత్తకండి.