టెక్సస్ ఎల్‌టీసీ షూటింగ్ పరీక్షకు ఏ రకం పిస్టల్ తీసుకెళ్లాలి?

మీరు అడిగినది ఇదీ: డాలస్ దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చింది, టెక్సస్ హ్యాండ్‌గన్ లైసెన్స్ (ఎల్‌టీసీ) క్లాసు బుక్ చేసుకున్నారు. ఇప్పటివరకు తుపాకి ముట్టుకోలేదు. మీ ఆయన రివాల్వర్ అయితే తేలిక అంటున్నారు. షాపులో మాత్రం ఆడవాళ్ల చేతికి ఇదే సరిపోతుందని చెప్పి చిన్న .380 పాకెట్ పిస్టల్ చూపించారు. రెండింటిలో ఏది కొనాలి? ఎఫ్-1 మీద చదువుకుంటున్న మీ తమ్ముడిని ప్రాక్టీసుకు తోడు తీసుకెళ్లవచ్చా?

నా సలహా: పరీక్షకు ఆ రెండూ వద్దు. గ్లాక్ 19 అనే మధ్యరకం పిస్టల్ అంత సైజున్న 9 ఎంఎం సెమీ ఆటోమేటిక్ (కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటాను తనే లోపలికి తెచ్చుకునేది) ఒకటి షూటింగ్ రేంజ్‌లో, అంటే కాల్చడం ప్రాక్టీసు చేసే చోట, అద్దెకు తీసుకోండి. ఇప్పుడే ఏదీ కొనకండి. తమ్ముడిని తీసుకెళ్లకండి, దాని గురించి కింద రాస్తాను.

నావి కూడా చిన్న చేతులే. ఇదే పరీక్ష ఇక్కడే రాసి పాసయ్యాను. ఆ తర్వాత మా తెలుగువాళ్లలో క్లాసుకు వెళ్లబోయే ఆడవాళ్లు చాలామందిని ముందుగా రేంజ్‌కి తీసుకెళ్లి అలవాటు చేయిస్తున్నాను. మనలో ఎక్కువమందికి కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ తప్ప వేరే తుపాకి తెలియదు. అందుకే మొదటిసారి ఏది చేతికిస్తామనేది చాలా ముఖ్యం.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో చూడండి, పిస్టల్ ఎంపిక దాన్నిబట్టే తేలుతుంది. మొత్తం 50 రౌండ్లు కాల్చాలి. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. టార్గెట్ బీ-27, అంటే మనిషి ఆకారంలో ఉండే పెద్ద కాగితం. లోపలి వలయాల్లో, అంటే 8వ వలయం నుంచి మధ్య వరకు, ఎక్కడ తగిలినా 5 పాయింట్లు. 7వ వలయంలో తగిలితే 4. దాని బయట, ఆకారం మీద ఎక్కడ తగిలినా 3. మొత్తం 250కి 175 వస్తే పాస్.

ఇక్కడ ఒక లెక్క వేసుకోండి. 3 గజాలు, 7 గజాల దగ్గరి 40 రౌండ్లూ లోపల పడితే అక్కడికే 200. అంటే 15 గజాల్లో పది రౌండ్లూ తప్పిపోయినా మీరు పాసే. 7 గజాలంటే 21 అడుగులు, ఒక పెద్ద హాలు అంత దూరం. టెన్షన్ పడేవాళ్లందరూ 15 గజాల గురించే భయపడతారు. నిజానికి పరీక్ష తేలేది దగ్గర దూరాల్లో. అక్కడ ప్రతి రౌండూ నిలకడగా ఒకేచోట పడాలి, టైమ్ లోపల పడాలి. 3 గజాల్లో ఒక్కో రౌండుకు 2 సెకన్లు, తర్వాత రెండేసి రౌండ్లకు 3 సెకన్లు ఇస్తారు. వేగం పెద్దగా అక్కర్లేదు గానీ, ప్రతిసారీ పిస్టల్‌తో కుస్తీ పడుతుంటే మాత్రం ఆ టైమ్ చాలదు.

ఇప్పుడు షాపువాళ్లు చూపించిన చిన్న పిస్టల్ సంగతి. రూగర్ ఎల్‌సీపీ లాంటి పాకెట్ పిస్టల్ బరువు సుమారు 10 ఔన్సులు, బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) మూడంగుళాలు కూడా ఉండదు. గ్లాక్ 19 ఖాళీగానే 20 ఔన్సులు దాటుతుంది, బ్యారెల్ నాలుగంగుళాలు. చేతులు చిన్నవైతే తుపాకీ చిన్నదే ఉండాలన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది, కాల్చేటప్పుడు మాత్రం తలకిందులవుతుంది. తూటా ఇచ్చే తోపు అంతా తేలికైన పిస్టల్‌లో మీ అరచేతికే వస్తుంది, బరువైన పిస్టల్ అయితే దానిలో కొంత తనే మింగేస్తుంది. పైగా చిన్నదాని పిడి మీద రెండు వేళ్లే పడతాయి, చిటికెన వేలు గాల్లో వేలాడుతుంది. గురి చూసే ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం తక్కువ కాబట్టి గురిలో వెంట్రుకవాసి తేడా కూడా కాగితం మీద పెద్దగా కనబడుతుంది. మణికట్టు గట్టిగా బిగించకపోతే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) పూర్తిగా వెనక్కి వెళ్లక, ఖాళీ షెల్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. పరీక్షలో టైమ్ నడుస్తున్నప్పుడు ఆ జామ్ తీయడం కొత్తవాళ్లకు నరకం. నేను తీసుకెళ్లిన ఒకావిడ పుట్టినరోజు కానుకగా వచ్చిన అలాంటి పిస్టలే తెచ్చుకున్నారు. రెండు మ్యాగజైన్లు (పిడిలో పెట్టే తూటాల పెట్టెలు) అయ్యేసరికి బొటనవేలి మొదలు కందిపోయి, ప్రతి రౌండుకూ ముందే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టారు. అదే రోజు అద్దె గ్లాక్ చేతికివ్వగానే రౌండ్లన్నీ మధ్యలోకి వచ్చాయి. మనిషి మారలేదు, పిస్టల్ మారింది.

రివాల్వర్ గురించి మీ ఆయన చెప్పినదాంట్లో నిజముంది. స్లైడ్ లాగే పని లేదు, జామ్ అయ్యేది చాలా అరుదు, లోపల తూటా ఉందో లేదో సిలిండర్ తెరిస్తే కళ్లకే కనబడుతుంది. కానీ జనం సాధారణంగా కొనే పొట్టి రివాల్వర్‌లో పట్టేది అయిదు తూటాలు. 50 రౌండ్లకు పదిసార్లు నింపాలి. గ్లాక్ 19 మ్యాగజైన్‌లో 15 పడతాయి. ఇంకో పెద్ద చిక్కు ట్రిగ్గర్. గ్లాక్ ట్రిగ్గర్ సుమారు 5.5 పౌండ్ల బలానికి కదులుతుంది. రివాల్వర్‌లో వెనకుండే హ్యామర్ (తూటాను పేల్చే చిన్న సుత్తి) ముందుగా ఎత్తకుండా నొక్కాలంటే దాదాపు రెట్టింపు బలం కావాలి, వేలు చాలా దూరం లాగాలి. బలం తక్కువ వేలు లాగుతుంటే చేయంతా వణుకుతుంది, గురి పక్కకు పోతుంది. మీకు రివాల్వరే ఇష్టమైతే నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న, స్టీలుతో చేసిన బరువైన .38 స్పెషల్ తీసుకోండి, దాంతో హాయిగా పాస్ కావచ్చు. పొట్టిది మాత్రం అనుభవం ఉన్నవాళ్లకే.

టెక్సస్‌లో పాతకాపులు కొందరు మీకు ఇంకో మాట చెబుతారు: "సెమీ ఆటోమేటిక్‌తో పరీక్ష ఇవ్వకపోతే లైసెన్స్ రివాల్వర్‌కే ఇస్తారు." ఒకప్పుడు అది నిజమే. రివాల్వర్‌తో పాసైనవాళ్లు సెమీ ఆటోమేటిక్ పెట్టుకుని తిరగడానికి అప్పట్లో వీలుండేది కాదు. 2013 సెప్టెంబరు 1 నుంచి ఆ తేడా తీసేశారు. అలాగే .32 కంటే తక్కువ క్యాలిబర్‌తో (తూటా వ్యాసంతో) పరీక్ష ఇవ్వకూడదన్న నిబంధన 2017 సెప్టెంబరు 1న పోయింది. కాబట్టి ఇప్పుడు .22 పిస్టల్‌తో కూడా ఇవ్వొచ్చు. చేతుల్లో కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు, మణికట్టుకు ఆపరేషన్ అయినవాళ్లకు నేను .22 చెబుతాను. మీలాంటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ప్రాక్టీసు .22తో మొదలుపెట్టండి, పరీక్ష 9 ఎంఎంతో ఇవ్వండి. .22 తూటాలు అప్పుడప్పుడు పేలకుండా ఆగిపోతాయి, అదొక అదనపు చికాకు.

పరీక్ష ఒక పిస్టల్‌తో ఇచ్చి, రోజూ దగ్గర పెట్టుకునేది ఇంకొకటి కొనుక్కోవచ్చా అంటే, చట్టం ప్రకారం ఇప్పుడు ఇబ్బంది లేదు. కాకపోతే బట్టల్లో దాచుకునేందుకు చిన్నది కొంటే, దానితో అదే 50 రౌండ్ల పరీక్షను మీకు మీరే మళ్లీ పెట్టుకోండి. 175 రాని పిస్టల్‌ను నడుముకు పెట్టుకుని జనంలోకి వెళ్లకండి. మీరు తప్పిన ప్రతి తూటా ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఈ విషయంలో నేను ఎవరికీ మొహమాటపడను.

అద్దె కౌంటర్ దగ్గర ఏం చూడాలో చెబుతాను. పిస్టల్ ఖాళీగా ఉందని ముందు వాళ్లు చూపించాలి, మీరూ చూడాలి. పట్టుకున్నప్పుడు బ్యారెల్ మీ ముంజేతికి తిన్నగా ఉండాలి. అలా పట్టుకునే చూపుడు వేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్‌కు అందాలి. అందడానికి చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ మీకు పెద్దది. వెనక పిడి ముక్కలు మార్చుకునే మోడళ్లు ఉంటాయి, చిన్న ముక్క వేయమని అడగండి. తర్వాత స్లైడ్. చాలామంది ఆడవాళ్లు రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని వెనక్కి లాగుతూ "నావల్ల కాదు" అని వదిలేస్తారు. బలం చాలక కాదు, పద్ధతి తెలియక. ఎడమ అరచేతిని స్లైడ్ మీద పెట్టి నాలుగు వేళ్లతో గట్టిగా పట్టుకోండి, పిస్టల్‌ను ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, కుడిచేత్తో పిడిని ముందుకు బలంగా తోయండి. మొన టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. అప్పటికీ కష్టమైతే స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ అడగండి. దాని స్లైడ్ స్ప్రింగ్ మెత్తగా ఉండేలా చేశారు. ఒక మ్యాగజైన్‌లో 8 తూటాలే పడతాయి గానీ పరీక్షకు అది అడ్డం కాదు.

తమ్ముడి సంగతి. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. అమెరికాలో ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, దాని మీద ఆధారపడే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాలి. సరదాగా రెండు రౌండ్లు కాల్చి ఫోటో పెట్టుకుంటే ఏమవుతుందిలే అనుకునే పిల్లలు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. ఆ ఫోటో వాడి భవిష్యత్తు మీద పడొచ్చు. ఇంట్లో కూడా ఇదే జాగ్రత్త. ఇండియా నుంచి అత్తయ్యగారో మీ అమ్మగారో వచ్చినప్పుడు సేఫ్ తాళం గానీ కోడ్ గానీ వాళ్లకు చెప్పకండి. 17 ఏళ్లలోపు పిల్లల చేతికి నింపిన తుపాకి అందేలా వదిలేస్తే టెక్సస్‌లో అది నేరం. బీరువాలో చీరల కింద పెట్టడం దాచడం కాదు.

2021 సెప్టెంబరు నుంచి టెక్సస్‌లో 21 నిండి, తుపాకి కలిగి ఉండే అర్హత ఉన్నవాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకోవచ్చు కదా, ఈ శ్రమంతా ఎందుకని మీ ఆయన అడగొచ్చు. లైసెన్స్ ఉంటే దాన్ని గుర్తించే ఇతర రాష్ట్రాల్లోనూ పనికొస్తుంది. స్కూళ్ల చుట్టూ వెయ్యి అడుగుల ఫెడరల్ నిషేధం నుంచి, లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రంలో మినహాయింపు దొరుకుతుంది. మనలాంటి పిల్లల తల్లులు రోజూ ఆ దారిలోనే వెళ్తాం. దరఖాస్తు ఫీజు కూడా 140 డాలర్ల నుంచి 40కి తగ్గించారు.

పరీక్ష రోజున మెడ దగ్గరగా ఉండే టీషర్ట్, షూస్, ముందు అంచున్న టోపీ వేసుకోండి. కాలిన ఇత్తడి షెల్ లోతు మెడ కుర్తాలో పడితే మనిషి ఉలిక్కిపడి చేతిలో తుపాకితోనే వెనక్కి తిరుగుతుంది. రేంజ్‌లో అందరూ భయపడేది దానికే. చున్నీ వద్దు. తూటాలు 115 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) మామూలు 9 ఎంఎం, 50 కాదు, 100 దగ్గర ఉంచుకోండి. అద్దె పిస్టల్‌కు చాలా రేంజ్‌లు తమ దగ్గర కొన్న తూటాలే వాడమంటాయి, ముందే కనుక్కోండి. వేళ్లు నొప్పి పెట్టకుండా మ్యాగజైన్ లోడర్ అడగండి. ముగిశాక చన్నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకున్నాకే పిల్లల్ని ఎత్తుకోండి. రేంజ్ లోపలి గాలిలో సీసం పొడి ఉంటుంది. గర్భంతో ఉంటే రేంజ్ వాయిదా వేసుకోండి.

క్లాసుకు ముందు వారాంతంలో ఒకసారి అద్దె పిస్టల్‌తో బీ-27 కాగితం మీద 3, 7 గజాల నుంచి ఇరవయ్యేసి రౌండ్లు కాల్చి పాయింట్లు లెక్క వేసుకోండి. 175 దాటితే అదే మోడల్ పరీక్ష రోజుకు రిజర్వ్ చేయమని కౌంటర్లో చెప్పి రండి. దాటకపోతే క్లాసు తేదీ జరుపుకుని, ఒక గంట ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని మళ్లీ కాల్చండి.