ఆటా పాటా రెండూ కావాలంటే

అమ్మలూ,

నీ మెయిల్ చదివాను. "సొంత పాటలు చేసుకోవాలా, గేములకి మ్యూజిక్ చేయాలా, ఏదో ఒకటి తేల్చి చెప్పు మామయ్యా" అన్నావు. తేల్చాల్సిన అవసరమే లేదు. ఒకటి ఎంచుకుని రెండోది వదిలేసినవాళ్లు కొన్నేళ్లకి ఆ వదిలేసిన దాని కోసమే బాధపడటం చూశాను. నువ్వు పాటలు చేస్తూ ఉంటే వాటిని విన్నవాడెవడో గేముకి పిలుస్తాడు. గేము డబ్బుతో తర్వాతి ఆల్బమ్‌కి కాస్త తీరిక దొరుకుతుంది. ఆ గేము ఆడినవాళ్లలో కొందరు నీ పాత పాటలు వెతుక్కుంటూ వస్తారు. అయితే ఇదంతా సాగాలంటే చేసిన సంగీతం ఎవరిదో ముందే కాగితం మీద తేలాలి. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాను, కోప్పడకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

జిమ్ గత్రీ పాటలు ఎప్పుడైనా విన్నావా? కెనడాకి చెందిన ఇండీ పాప్ గాయకుడు. ఇంట్లో కూర్చుని క్యాసెట్ల మీద రికార్డు చేసుకుంటూ మొదలుపెట్టాడు, చేతికి దొరికిన వాయిద్యమల్లా వాయించాడు, బ్యాండ్లలో పనిచేశాడు. ఒక దశలో ప్లేస్టేషన్‌లో సంగీతం చేసుకునే సాఫ్ట్‌వేర్ డిస్క్ ఒకటి దొరికితే దాంతో కూడా బాణీలు కట్టాడు. పిల్లలు టైమ్‌పాస్‌కి కొనే డిస్క్ అది. అలా చేసినవాటిలో కొన్ని తర్వాత 2011లో వచ్చిన 'సూపర్‌బ్రదర్స్: స్వోర్డ్ అండ్ స్వోర్సరీ' అనే ఐప్యాడ్ గేము సంగీతానికి పునాది అయ్యాయి. ఆయన్ని ఆ గేముకి తెచ్చింది ఏజెంటో, ఏ పెద్ద స్టూడియో ఆడిషనో కాదు. ఆయన పాటలంటే ఇష్టపడ్డ ఒక చిత్రకారుడితో ఉన్న పరిచయం. మధ్యలో ఒక క్రెడిట్ కార్డు ప్రకటనకి చిన్న పాట కూడా రాశాడు, అది అక్కడి టీవీల్లో తెగ మోగింది. ఆల్బమ్, ప్రకటన, గేము, సినిమా... ఒకే మనిషి, ఒకే గొంతు. ఆయన్ని నిలబెట్టింది ఆ గొంతే అని నా నమ్మకం. 'ఏ స్టయిల్ కావాలన్నా చేస్తాను' అని రాసుకునే కంపోజర్ల వెబ్‌సైట్లు చూసినప్పుడల్లా నాకు నీరసం వస్తుంది. ఏదైనా చేయగలిగినవాణ్ణి ప్రత్యేకంగా ఎందుకు పిలవాలి?

డారెన్ కోర్బ్ కథ కూడా దాదాపు ఇంతే. 2011లోనే వచ్చిన 'బాస్టియన్' అనే గేముకి సంగీతం ఆయనది. ఆ గేము చేసిన స్టూడియో పెట్టినవాళ్లలో ఒకరు ఆయన చిన్ననాటి స్నేహితుడు. న్యూయార్క్‌లో తన అపార్ట్‌మెంట్ అలమరా గదిలో బట్టల మధ్య మైక్ పెట్టుకుని రికార్డు చేశాడు. అకూస్టిక్ గిటార్ పక్కన కరకరలాడే డ్రమ్ శాంపిళ్లు, అంటే ముందే రికార్డు చేసిన చిన్న ముక్కలు, పెట్టాడు. ఆ రెండింటి కలయిక ఆ గేము ముఖమైపోయింది. కాబట్టి పెద్ద స్పీకర్లు కొన్నాకే మొదలుపెడతాను, గది సౌండ్‌ప్రూఫ్ అయ్యాకే పాడతాను అని నాకు చెప్పొద్దు.

ఇక నీ బలం, అదే నీ జబ్బు కూడా. గిటార్, బేస్, కీబోర్డు, డ్రమ్స్, ఇప్పుడు మాండొలిన్ కూడా వాయిస్తున్నావు. అన్నీ వచ్చు కదా అని అన్నీ వేస్తావు. నువ్వు పంపిన రెండో పాటలో ఆఖరి చరణానికి వచ్చేసరికి ఎవరేం అంటున్నారో వినబడట్లేదు. గేములో ఆ గుంపు మీద అడుగుల చప్పుడు, కత్తుల శబ్దం, మెనూ బటన్ల టిక్కు టిక్కులు కూడా వచ్చి పడతాయి. ఒక్కో గేముకి నాలుగైదు వాయిద్యాల కంటే ఎక్కువ ముట్టుకోనని ముందే గీత గీసుకో. పాతకాలపు నింటెండో యంత్రంలో ఉన్నవే ఐదు చానళ్లు, అంటే ఒకేసారి మోగగల ఐదు శబ్దాలు: రెండు పల్స్ తరంగాలు, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఇంకొకటి చిన్న శాంపిళ్ల కోసం. కోజి కొండో 1985లో మారియో బాణీ కట్టింది అందులోనే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో దాన్ని తన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. గేము సంగీతానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. రెట్రో శబ్దాలు వాడమని చెప్పట్లేదు, ఐదు గొంతులతో ఎంత చెప్పొచ్చో చూడమంటున్నాను.

పాట కట్టేటప్పుడు సమయం నీ చేతిలో ఉంటుంది. పల్లవి ఎప్పుడు రావాలో, ఎక్కడ ఆగాలో నువ్వే చెప్తావు. గేములో ఆ పెత్తనం ఆడేవాడిది. ఒకడు ఆ గదిలోంచి క్షణాల్లో బయటపడతాడు, ఇంకొకడు తాళంచెవి దొరక్క అరగంట అక్కడే తిరుగుతాడు. ఆ రెండోవాణ్ణి మనసులో పెట్టుకుని రాయి. మొదటిసారి 'ఆహా' అనిపించిన ట్యూన్ ఇరవయ్యోసారి చెవిలో జోరీగ అవుతుంది. అందుకే గట్టి ట్యూన్లని టైటిల్ దగ్గరా, పెద్ద యుద్ధం దగ్గరా, ముగింపు దగ్గరా దాచుకో. తిరుగాడే చోట్ల పల్చగా ఉండనీ. అసలు సంగీతమే లేకుండా కొంతసేపు వదిలేయడం కూడా సంగీతకారుడు తీసుకోవాల్సిన నిర్ణయమే. మైన్‌క్రాఫ్ట్ గేముకి సంగీతం చేసిన డేనియల్ రోజెన్‌ఫెల్డ్ పియానో అందులో ఎప్పుడో ఒకసారి వస్తుంది, పోతుంది, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అలా ఖాళీ ఉండబట్టే వచ్చినప్పుడు మనసు అటు తిరుగుతుంది.

లూప్, అంటే ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, దాని సంగతి విడిగా చెప్పాలి, నువ్వు పంపిన డెమోలో అతుకు స్పష్టంగా వినబడుతోంది కాబట్టి. టెంపో నిమిషానికి 120 బీట్లు, నాలుగేసి బీట్ల బార్లు 32 అనుకో. సరిగ్గా 64 సెకన్లు. నువ్వు అక్కడ కత్తిరించి ఇచ్చావు. కానీ ఆఖరి తీగ ఇంకా మోగుతోంది, దాని రివర్బ్, అంటే ప్రతిధ్వని, ఇంకా గదిలోనే ఉంది. లూప్ మొదటికి వెళ్లగానే ఆ తోక టక్కున తెగిపోతుంది. ఫేడౌట్ పెడితే ఇంకా ఘోరం, ప్రతి నిమిషానికీ పాట చచ్చి బతుకుతుంది. ఇలా చెయ్యి: అదే భాగాన్ని ప్రాజెక్టులో వెనకవెనకే రెండుసార్లు పెట్టు. మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి రెండో 64 సెకన్లు మాత్రం కోసుకో. మొదటి విడత తోక రెండో విడత మొదట్లోకి వచ్చి కలిసిపోయి ఉంటుంది కాబట్టి అది ఎన్నిసార్లు తిరిగినా అతుకు తెలియదు. అయితే సంగీతం అప్పుడే మొదలైనప్పుడు ఆ తోక ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు ఉంటుంది. అందుకని మొదటి విడతని ఇంట్రో ఫైలుగా విడిగా ఇవ్వు, అది ఒక్కసారి మోగి లూప్‌లోకి జారుకుంటుంది. ఫైళ్లు కుదించని వేవ్ రూపంలోనే పంపు. ఎంపీత్రీ చేస్తే ఎన్‌కోడర్ ఫైలు అంచుల్లో కాస్త నిశ్శబ్దం అతికిస్తుంది, లూప్‌కి ఎక్కిళ్లు పట్టుకుంటాయి. సైజు తగ్గించమని డెవలపర్ అడిగితే ఆగ్ వార్బిస్ అనే ఫార్మాట్ వాడమను.

ఇది వచ్చాక పొరల సంగతి చూడు. ఒకే బాణీని మూడు స్టెమ్స్‌గా, అంటే విడివిడి ఫైళ్లుగా, విడదీయి: కింద ప్యాడ్ (సాగదీసి మోగే మెత్తని కీబోర్డు శబ్దం), దాని మీద డ్రమ్స్, ఆపైన గిటార్. మూడూ ఒకే పొడవు, మూడూ ఒకేసారి మొదలై తిరుగుతూ ఉంటాయి. మామూలుగా తిరిగేటప్పుడు ప్యాడ్ ఒక్కటే వినబడుతుంది, శత్రువు దగ్గరికొస్తే డ్రమ్స్ వాల్యూమ్ లేస్తుంది, కొట్లాట మొదలైతే గిటార్ వస్తుంది. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ పరీక్ష ఎక్కడంటే, ప్యాడ్ ఒక్కటే మోగినా అది పూర్తి సంగీతంలా ఉండాలి, మూడూ కలిసినా ఊపిరాడాలి. పాటల మిక్స్‌కి అలవాటుపడ్డ చెవికి ఇది మింగుడుపడదు. ఈ ఆలోచన కొత్తదేం కాదులే. 1978లో 'స్పేస్ ఇన్వేడర్స్'లో నాలుగంటే నాలుగు స్వరాలు, శత్రువులు తగ్గి వేగం పుంజుకునేకొద్దీ అవీ పరుగెత్తేవి. ఆడేవాడి గుండె కూడా. 1991లో 'మంకీ ఐలాండ్ 2' కోసం లూకాస్ ఆర్ట్స్‌లో ఐమ్యూజ్ అనే పద్ధతి తయారుచేశారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తుంటే సంగీతం తెగకుండా రూపు మార్చుకునేది. ఇప్పుడు ఆ పనికి ఎఫ్‌మాడ్, వైజ్ అనే సాఫ్ట్‌వేర్లున్నాయి. చిన్న ప్రాజెక్టులకి ఉచితం. రెండింట్లో ఒకటైనా నేర్చుకో. ట్యూన్ ఇచ్చి చేతులు దులుపుకునేవాడి కంటే, దాన్ని గేములో తనే అమర్చి ఇచ్చేవాడిని చిన్న టీములు ఎక్కువ కాలం వదులుకోవు.

పని ఎలా దొరుకుతుందని అడిగావు. గేము జామ్‌లకి వెళ్లు. లుడం డేర్ 2002 నుంచీ, గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచీ నడుస్తున్నాయి. రెండు మూడు రోజుల్లో ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి ఒక గేము పూర్తిచేయాలి. అక్కడ నీ ప్రతిభ కంటే ముందు వాళ్లు చూసేది, ఆదివారం సాయంత్రానికి ఫైలు ఇచ్చావా లేదా అన్నది. అలా కలిసినవాళ్లలో ఎవరో ఒకరు మూడేళ్ల తర్వాత సొంత గేము మొదలుపెడతారు. వందమంది డెవలపర్లకి ఒకే మెయిల్ కాపీ పేస్ట్ చేసి పంపే అలవాటు మాత్రం మానెయ్. ఒక్కరికే రాయి, వాళ్ల గేము నిజంగా ఆడి రాయి, నీ ఆల్బమ్‌లోంచి దానికి దగ్గరగా ఉండే ఒక్క పాట లింకు పెట్టు. సోషల్ మీడియా గురించి నాకంటే నీకే బాగా తెలుసు, అది వదిలేద్దాం.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది మాత్రం టీ పక్కన పెట్టి చదువు.

సాధారణంగా రెండు రకాలు. ఒకటి, నీ సంగీతం పూర్తిగా వాళ్ల సొంతం, నీకు ఫీజు. రెండు, సంగీతం నీదే, ఆ గేములో వాడుకోవడానికి వాళ్లకి లైసెన్సు ఇస్తావు. పెద్ద కంపెనీలు మొదటిదే అడుగుతాయి, అప్పుడు ఫీజు దానికి తగ్గట్టు ఉండాలి. చిన్న టీమ్ దగ్గర డబ్బు తక్కువుంటే ఆ లోటుని హక్కుల్లో అడుగు. కనీసం సౌండ్‌ట్రాక్‌ని విడిగా నీ పేరు మీద అమ్ముకునే హక్కయినా నీ దగ్గర ఉండాలి. మైన్‌క్రాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకి మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. అయినా ఆ తొలినాటి సంగీతం హక్కులు రోజెన్‌ఫెల్డ్ దగ్గరే ఉండిపోయాయి. ఆ మొదటి ఆల్బమ్ కూడా 2025లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాకెక్కింది. ఆ గేము మొదలైనప్పుడు అది ఇంతవుతుందని ఎవరనుకున్నారు? నీ గేము ఏమవుతుందో నీకూ తెలియదు, వాళ్లకీ తెలియదు. అందుకే ముందే రాసుకోవాలి.

ఫీజు మామూలుగా పూర్తయిన సంగీతం నిమిషానికి ఇంత అని మాట్లాడుకుంటారు. ఆ రేటులో మార్పులు ఎన్నిసార్లు ఉచితమో, గేములో అమర్చే పనికి విడిగా ఎంతో రాయించు. డబ్బు విడతలుగా తీసుకో, మొదటి విడత పని మొదలెట్టకముందే. నేను ఒక గేముకి ఏడాది పైగా పనిచేశాక అది మధ్యలో ఆగిపోయింది, ఆ టీమ్ ఫోన్లు ఎత్తడం మానేసింది. విడతల ఒప్పందం ఉండబట్టి చేసిన పనికి డబ్బు చేతికొచ్చింది, గేము విడుదల కాకపోతే బాణీలు నాకే తిరిగి రావాలన్న పేరా ఉండబట్టి వాటిలో కొన్నింటిని తర్వాత పాటలుగా మార్చుకున్నాను. ఆ పేరా నువ్వూ పెట్టించు. గేము ఆడుతున్నప్పుడు మోగే సంగీతానికి రేడియోలో పాటకి వచ్చినట్టు రాయల్టీలు సాధారణంగా రావు. 'తర్వాత వస్తాయిలే' అనే మాట నమ్మి ఫీజు తగ్గించుకోకు.

ఇంకో చిన్న విషయం, చాలామంది దీన్ని మర్చిపోతారు. సౌండ్‌ట్రాక్‌ని డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని ఆన్‌లైన్ వేదికలకి చేర్చే సంస్థ) ద్వారా విడుదల చేసేటప్పుడు యూట్యూబ్ కంటెంట్ ఐడీ అనే గడి ఒకటి ఉంటుంది. వీడియోల్లో నీ సంగీతం ఎక్కడుందో తనంతట తానే పట్టేసే పద్ధతి అది. దాన్ని టిక్ చేస్తే గేము ఆడుతూ వీడియోలు పెట్టేవాళ్లందరికీ కాపీరైట్ నోటీసులు వెళ్తాయి. ఆ వీడియోలే చిన్న గేముకి ప్రచారం. విడుదలైన వారంలో డెవలపర్ నీ మీద అగ్గిమీద గుగ్గిలం అయ్యాడంటే కారణం అదే అయ్యుంటుంది. ఆ గడి ముట్టుకునే ముందు వాళ్లని అడుగు.

చెవుల గురించి కూడా ఒక మాట. రాత్రంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మిక్స్ చేయకు. సన్నని వాల్యూమ్‌లో పనిచెయ్యి, గంటకోసారి లే. ఇంటి కన్సోల్ గేములకి మొత్తం శబ్దం సగటున మైనస్ 23 లఫ్స్ (శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) దగ్గర ఉంచమని సోనీ సూచిస్తుంది. అంటే నువ్వు ఆల్బమ్‌కి పెంచినంత గట్టిగా ఇక్కడ శబ్దాన్ని పెంచాల్సిన పనే లేదు, నీ చెవులకీ మంచిదే.

ఆ పజిల్ గేము వాళ్లు డ్రాఫ్ట్ కాంట్రాక్ట్ పంపారన్నావు కదా, సంతకం పెట్టకుండా ముందు నాకు పంపు. సౌండ్‌ట్రాక్ పేరా, గేము ఆగిపోతే ఏంటన్న పేరా ఎలా రాశారో చూసి ఆదివారం ఫోన్ చేస్తాను. రెండో పాట స్టెమ్స్ కూడా పంపు, ఆ మాండొలిన్ తీసేసి ఒకసారి వినాలనుంది.

మామయ్య