చేతి గీతా, కంప్యూటర్ గీతా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం చదువుతోంది. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొన్నాం. కాలేజీలో మాత్రం టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు ఇచ్చి అర్ధరాత్రి దాకా షీట్లు గీయిస్తున్నారు. ఇంకు మరక పడితే షీటంతా మళ్లీ గీయాలట. ఆఫీసుల్లో అందరూ ఆటోక్యాడ్, రెవిట్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు వాడుతున్నప్పుడు ఈ శ్రమ దేనికండీ?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: మరక పడినందుకు షీటంతా మళ్లీ గీయించడం నాకూ నచ్చదమ్మా. కానీ మొదటి ఏడాది చేత్తో గీయించడం మాత్రం అవసరమని గట్టిగా నమ్ముతాను. 1:100 స్కేలులో 3 మీటర్ల గది కాగితం మీద 3 సెంటీమీటర్లే ఉంటుంది. అర మిల్లీమీటరు మందమున్న పెన్సిలు గీత అసలు కొలతలో 5 సెంటీమీటర్లవుతుంది. అంత తక్కువ చోటులో ఏది చూపాలో, ఏది వదిలేయాలో గీసేవారే తేల్చుకోవాలి. ఆటోక్యాడ్‌లో అన్నీ అసలు కొలతల్లోనే గీస్తాం. మౌస్ చక్రం తిప్పితే గడప కూడా తెర నిండా కనిపిస్తుంది కనుక, కొలత అంకెగానే మిగిలి కంటికి అందకుండా పోతుంది. మా ఆఫీసుకు శిక్షణకు వచ్చిన ఒక అబ్బాయి కంప్యూటర్‌లో ఎంతో శుభ్రంగా గీసిన ప్లానులో పడకగదికి వెళ్లే దారి 60 సెంటీమీటర్లే ఉంది. నేల మీద సుద్దముక్కతో ఆ రెండు గీతలూ గీయించి, మధ్యలో నడవమన్నాను. ఎదురుగా మరొకరు వస్తే పక్కకు తప్పుకునే చోటు లేదని అతనికే తెలిసింది.

సెలవులకు వచ్చినప్పుడు మీ అమ్మాయిని దగ్గర్లోని ఏదైనా మండువా లోగిలికి, ఇంటివారిని అడిగి, టేపు, నోటు పుస్తకంతో పంపండి. నాలుగు వైపుల పెంకుల వాలూ మండువాలోకి ఎలా దిగుతోందో, చూరు నుంచి జారిన వాన ఏ తూము గుండా బయటికి పోతుందో, స్తంభానికీ స్తంభానికీ ఎంత ఎడం ఉందో కూర్చుని గీస్తే, ఫొటో తీసుకుని వచ్చేసినవారికి దొరకనిది ఆమెకు దొరుకుతుంది. గీయడానికి పట్టే ఆ గంటసేపూ కన్ను ఇంటిని వదలదు.

ల్యాప్‌టాప్ వృథా కాదు. లంక గ్రామాల్లో వరద భయంతో ఇంటి యజమాని పునాది మట్టాన్ని రెండడుగులు పెంచమంటే, రెవిట్ మోడల్‌ను (కంప్యూటర్‌లో కట్టే ఇంటి నమూనాను) సరిగా కట్టి ఉంటే మట్టం ఒక్కచోట మారిస్తే చాలు, సెక్షన్లూ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మలు) ఎలివేషన్లూ (బయటి నుంచి ఇల్లు కనిపించే తీరు చూపే బొమ్మలు) వాటంతటవే మారతాయి. అదే చేత్తో అయితే ప్రతి షీటూ మళ్లీ పట్టాలి. అందుకే రెండో ఏడాది నుంచి ఆమె సాఫ్ట్‌వేర్ తప్పక నేర్చుకోవాలి. ఆ తర్వాత కూడా తొలి ఆలోచన మాత్రం పెన్సిలుతోనే మొదలుపెట్టమనండి. 1963లో ఐవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో రూపొందించిన, స్కెచ్‌ప్యాడ్ అనే తొలినాటి కంప్యూటర్ డ్రాయింగ్ ప్రోగ్రాములోనూ తెర మీద లైట్ పెన్నును చేత్తో పట్టుకునే గీసేవారు.

ఇక మరక సంగతి. ట్రేసింగ్ పేపరైతే, ఇంకు పూర్తిగా ఆరాక కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి పైపైన గోకి, ఆ చోటును రబ్బరుతో మెత్తగా రుద్దితే మళ్లీ గీత వేసుకోవచ్చు. ఇలా చేసిన షీటును తీసుకుంటారేమో మాస్టారిని ఒకసారి అడగమని చెప్పండి.