గెస్ హూ బృందం నిజంగా ఎప్పుడు విడిపోయింది?

ప్రశ్న: 'అమెరికన్ ఉమన్' పాటను నేను లెన్నీ క్రావిట్జ్ గొంతులోనే విన్నాను. అది 1970 నాటి పాట అనీ, మొదట పాడినది 'ది గెస్ హూ' అనే కెనడా రాక్ బృందమనీ ఈమధ్యే తెలిసింది. అంత పేరు తెచ్చుకున్నవారు 1975కల్లా ఎందుకు విడిపోయారు?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చెప్పిన 1975 ఆ బృందం లాంఛనంగా రద్దయిన సంవత్సరం. నా దృష్టిలో మాత్రం వారు విడిపోయింది 1970 మే నెలలోనే, అదీ వారి పాట అమెరికాలో మొదటి స్థానంలో ఉండగానే. ఆ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే వారి తొలి రోజుల నుంచి మొదలుపెట్టాలి.

వారిది కెనడాలోని మానిటోబా రాష్ట్ర రాజధాని విన్నిపెగ్. చాడ్ అలెన్ నాయకత్వంలో మొదలైన ఈ బృందం 1965లో 'షేకిన్ ఆల్ ఓవర్' అనే బ్రిటిష్ పాటను తిరిగి రికార్డు చేసింది. కెనడా కుర్రాళ్ల పాటంటే కెనడా రేడియోలే పెద్దగా పట్టించుకోని రోజులవి. అందుకని రికార్డు కంపెనీ బృందం అసలు పేరును దాచిపెట్టి, లేబుల్ మీద 'గెస్ హూ?' అని మాత్రం అచ్చువేసి స్టేషన్లకు పంపింది. వింటున్నది ఏదో బ్రిటిష్ బృందమని అనుకున్నారు, పాట కెనడాలో మొదటి స్థానానికి చేరింది, ఆ పేరే వారికి స్థిరపడిపోయింది. కానీ ఆ ఊపు నిలవలేదు. 1967లో ఇంగ్లండు వెళ్లి, అనుకున్న ఒప్పందం కుదరక, అప్పులతో తిరిగివచ్చారు.

వారిని నిలబెట్టింది ఇద్దరి జోడీ. గిటారిస్టు రాండీ బాక్‌మన్ విన్నిపెగ్‌లోనే జాజ్ విద్వాంసుడు లెన్నీ బ్రో దగ్గర మెళకువలు నేర్చుకున్నవాడు. 'అన్‌డన్' పాటలోని మృదువైన స్వరమేళనాల్లో ఆ శిక్షణ స్పష్టంగా వినిపిస్తుంది. 1966లో చేరిన బర్టన్ కమింగ్స్ పియానో వాయిస్తాడు, పాడతాడు, మాట అప్పటికప్పుడు అల్లగలడు. వీరిద్దరి మీద నమ్మకంతో నిర్మాత జాక్ రిచర్డ్‌సన్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఆల్బమ్ తీయించాడు. అందులోని 'దీజ్ ఐస్' 1969లో అమెరికాలో ఆరవ స్థానానికి చేరింది. అమెరికా నగరం డెట్రాయిట్‌కు నది అవతల, కెనడా వైపు ఉన్న విండ్సర్‌లోని రేడియో స్టేషన్‌లో పాటలు ఎంపిక చేసే రోజలీ ట్రాంబ్లీ దానిని పట్టుబట్టి వినిపించడం వారికి ఎంతో కలిసివచ్చింది. కెనడా రేడియోల్లో స్వదేశీ పాటలకు 30 శాతం వాటా తప్పనిసరి చేసిన నిబంధన 1971లో గాని అమల్లోకి రాలేదు కాబట్టి, వీరు ఆ అండ లేకుండానే పైకి వచ్చారన్నమాట.

'అమెరికన్ ఉమన్' పుట్టుక గురించి బాక్‌మన్ చెప్పే కథ ఇది. ఒంటారియోలో, మంచు మీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆట ప్రాంగణంలో కచేరీ జరుగుతూండగా ఆయన గిటారు తీగ తెగింది. కొత్త తీగ బిగించి శ్రుతి చేసుకుంటూంటే ఒక వరుస చేతికి తగిలింది. జనం తలలు తిప్పి చూశారు. మిగతావారు అందుకున్నారు, కమింగ్స్ మైకు దగ్గరకు వచ్చి తోచిన మాటలు పాడాడు. శ్రోతల్లో ఒక కుర్రాడు క్యాసెట్‌లో రికార్డు చేసి ఉండకపోతే ఆ వరుస ఆ రాత్రితోనే పోయేది. 1970 మేలో ఆ పాట మూడు వారాలు అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది.

సరిగ్గా అప్పుడే బాక్‌మన్ వెళ్లిపోయాడు. పిత్తాశయ వ్యాధి ఆయనను కుంగదీసింది. మోర్మన్ మతం స్వీకరించి మద్యానికీ మత్తుకూ దూరంగా ఉన్న ఆయనకు, మిగతావారి పర్యటన జీవితానికీ పొసగలేదు. ఎవరి తప్పూ అనలేం, కానీ నష్టం ఇద్దరిదీ. జూలైలో శ్వేతసౌధంలో ప్రిన్స్ చార్లెస్ ఎదుట బృందం కచేరీ చేసినప్పుడు బాక్‌మన్ లేడు. 'అమెరికన్ ఉమన్' పాటను వాయించవద్దని బృందానికి ముందే చెప్పారట.

తరువాత కర్ట్ వింటర్ వంటి మంచి గిటారిస్టులు వచ్చారు, 'షేర్ ద లాండ్' వంటి మంచి పాటలూ వచ్చాయి, 1974లో 'క్లాప్ ఫర్ ద వుల్ఫ్‌మన్' మళ్లీ ఆరవ స్థానానికి చేరింది. అయితే సభ్యులు మారుతూనే ఉన్నారు. చివరికి గిటారిస్టు డొమెనిక్ ట్రొయానో రాకతో సంగీతం జాజ్ వైపు మళ్లింది, పాత శ్రోతలు దూరమయ్యారు, 1975లో కమింగ్స్ ముగించి ఒంటరి గాయకుడయ్యాడు. ఈలోగా బాక్‌మన్ కట్టిన కొత్త బృందం బాక్‌మన్-టర్నర్ ఓవర్‌డ్రైవ్ 1974లో అమెరికాలో మొదటి స్థానం అందుకుంది.

మీరు అడగలేదు గాని, పేరు గొడవ కూడా చెప్పాలి. 1980లలో బాసిస్టు జిమ్ కేల్ 'గెస్ హూ' పేరును తన పేర నమోదు చేయించుకోవడంతో, కమింగ్స్, బాక్‌మన్ ఇద్దరూ లేని బృందం ఏళ్ల తరబడి ఆ పేరుతో కచేరీలు చేసింది. వారిద్దరూ 2023లో కోర్టుకెక్కారు. 2024లో రాజీ కుదిరి ఆ పేరు వారికే దక్కింది.