ప్రపంచీకరణతో కొన్ని దేశాలే ఎందుకు బాగుపడ్డాయి?
మార్కెట్ తెరవడం ఒక్కటే సరిపోదు. ఏ దశలో తెరిచారన్నదే అసలు తేడా. దక్షిణ కొరియా ముందు సొంత పరిశ్రమలను కాపాడుకుని, ఎగుమతులకు సిద్ధం చేశాకే దిగుమతులకు మెల్లగా దారిచ్చింది. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరేనాటికే చైనాకు ఫ్యాక్టరీలు, ఓడరేవులు ఉన్నాయి.

కరీబియన్ దేశం హైతీ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది. 1980లలో తనకు కావలసిన బియ్యం దాదాపుగా తనే పండించుకునేది. 1995లో బియ్యంపై దిగుమతి సుంకాన్ని 3 శాతానికి తగ్గించారు. అమెరికాలో సబ్సిడీలతో పండిన బియ్యం చవగ్గా వచ్చిపడింది. పోటీకి నిలవలేక ఎంతోమంది రైతులు సాగు వదిలేశారు. ఆ విధానాన్ని ముందుకు నెట్టిన నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2010లో అది పొరపాటని ఒప్పుకున్నారు. కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

ఆఫ్రికా దేశం జాంబియాది ఇంకో ఇబ్బంది. ఎగుమతుల్లో సింహభాగం రాగిదే. లండన్ లోహాల మార్కెట్లో దాని ధర పడితే రాజధాని లుసాకాలో బడ్జెట్ తలకిందులవుతుంది.