గోపాల్‌పూర్‌లో స్లో ట్రోలింగ్‌కి 25 హెచ్‌పీ మోటారు: సమాధానం

తమ్ముడూ, 18 అడుగుల ఫైబర్ బోటు, 25 హెచ్‌పీ టూ స్ట్రోకు మోటారు, కోనెం చేప కోసం మెల్లగా వెళ్తూ గాలం లాగుతుంటే (అదే స్లో ట్రోలింగ్) స్పీడు 3 నాట్ల (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) కిందకి దిగట్లేదు, గంటకోసారి స్పార్క్ ప్లగ్గు నల్లబడి ఆగిపోతోంది అన్నావు కదా. మోటారు పాడవలేదులే, టూ స్ట్రోకులో ఆయిలు పెట్రోలుతోపాటే కాలాలి, ఐడిల్‌లో గంటలు గంటలు నడిపితే సగం కాలక ప్లగ్గుకి పట్టేస్తుంది, నాదీ రెండేళ్ళు ఇదే గోల.

స్పీడు లెక్క చూడు. ఐడిల్ 800 ఆర్‌పీఎం, గేరు 2:1 అనుకుంటే ఫ్యాను (ప్రొపెల్లరు) నిమిషానికి 400 తిరుగుళ్ళు, 12 ఇంచీల పిచ్ (ఒక్క తిరుగుడుకి ముందుకెళ్ళే దూరం) అయితే నిమిషానికి 400 అడుగులు, అంటే దాదాపు 4 నాట్లు, నీళ్ళలో జారుడు పోగా నీ 3 అక్కడికే వచ్చింది. 9 ఇంచీల పిచ్ వేస్తే తగ్గుద్ది గానీ ఫుల్ త్రాటిల్‌లో ఇంజను లిమిట్ దాటి అరుస్తుంది, జాగ్రత్త.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి, రెండు బకెట్లకి తాడు కట్టి బోటు నడుం దగ్గర రెండు పక్కలా నీళ్ళలోకి వేలాడదియ్యి, అవి బోటుని వెనక్కి లాగి స్పీడు తగ్గిస్తాయి. వెనక కడితే ఫ్యానుకి చుట్టుకుంటుంది, నా తాడు అలాగే పోయింది.

కొనాలంటే మాత్రం 9.9 హెచ్‌పీ ఫోర్ స్ట్రోకు, హై థ్రస్ట్ మోడలు (మెల్లగా తిరిగినా గట్టిగా తోసేది), ట్రోలింగ్‌కి 25 పక్కన అదనంగా పెట్టుకో. బోటు వెనక మోటారు బిగించే చెక్క ఎత్తు కొలిచాకే షాఫ్టు 15 ఇంచీలా 20 ఇంచీలా తేల్చుకో. 25ని అమ్మకు, కెరటం దాటేటప్పుడు అదే కావాలి.

అన్నట్టు రుషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) వైపు వెళ్ళకు, తాబేళ్ళ కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం.